ఏ ఫోన్లోది అసలు ఎరుపు

మా ఇంట్లో ఎవరు ఎవరికి ఓటేస్తారో ఒకరిది ఒకరికి తెలియదు, అడగం కూడా. కానీ ఎవరు ఏ ఫోన్ పార్టీయో కొత్తవాడలో మా గల్లీ మొత్తానికి తెలుసు. మా తమ్ముడిది ఐఫోన్. మా ఆయనది ఆండ్రాయిడ్. నాదీ ఆండ్రాయిడే గానీ అది మా ఆయన వాడి వదిలేసింది, అందుకని నన్ను ఆ పార్టీలో మామూలు కార్యకర్త కింద లెక్కేస్తారు. అమ్మది బటన్ల ఫోన్. ఇక బాపుకి, అంటే మా నాన్నకి, అద్దం పగిలిన పాత స్మార్ట్ ఫోన్ ఒకటుంది. మోగితే ఎత్తడం, మాటలయ్యాక పెట్టేయడం, ఆయన దానితో చేసే పని అంతే.

తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఐఫోన్ కొన్నప్పటి నుంచి మా ఇంట్లో ప్రశాంతంగా ఒక్క ఆదివారం గడవలేదు. వాడు వెనక గుర్తు కనబడేలా దాన్ని బోర్లా పెడతాడు. గుర్తు దాగిపోకుండా ఏమీ లేనట్టుండే కవర్ తొడిగాడు. ఎవరింటికి పెళ్ళికి పోయినా మంచినీళ్ళకంటే ముందు "మీ దగ్గర ఐఫోన్ చార్జర్ ఉన్నదా?" అని అడుగుతాడు. మా ఆయన సరిగ్గా ఆ మాట కోసమే కాచుకుని ఉంటాడు. "నాది పొద్దుగాల ఒక్కసారి పెడితే రేపటిదాక వస్తది బామ్మర్ది," అంటాడు, ఎద్దుల సంతలో ఎద్దు గురించి చెప్పినట్టు. ఆదివారం వచ్చిందంటే మనుషులు ఇంట్లో బూజు దులుపుతారు. మా ఆయన ఫోన్‌లో పనికిరాని ఫైళ్ళు దులుపుతాడు. ఇంట్లో బూజు నేనే దులుపుకోవాలి.

ఒకసారి అందరం పాలకుర్తి గుట్ట మీది గుడికి పోయాం. మెట్ల మీద అమ్మనీ బాపునీ నిలబెట్టి బావా బామ్మర్దులిద్దరూ పక్కపక్కనే నిలబడి ఫోటోలు తీశారు. ఐఫోన్‌లో అమ్మ ఉన్నది ఉన్నట్టుగా వచ్చింది. మా ఆయన ఫోన్‌లో తెల్లగా, ముడతలు లేకుండా, పదేళ్ళు తగ్గి వచ్చింది. మా ఆయన అందులో ఏదో మీట నొక్కి పెట్టుకున్నాడు లెండి. అమ్మ రెండూ చూసి ఖచ్చితంగా తేల్చేసింది. "అల్లుంది మంచిగున్నది. కొడుకు ఫోన్ల నన్ను ఎండవెట్టిన మిరపకాయ లెక్క చేసిండు." తమ్ముడు ముఖం మాడ్చుకుని ఫోన్లు రెండూ బాపు చేతిలో పెట్టాడు. బాపు ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గదరా," అన్నాడు. అల్లుడినీ కొడుకునీ నొప్పించకుండా ఎంత తెలివిగా తప్పించుకున్నాడో అని మెట్లు దిగేదాకా అందరం మెచ్చుకున్నాం.

బాపు జంపఖానాలు నేస్తాడు. అమ్మవాళ్ళ ఇంటి ముందరి గది నిండా మగ్గమే. నేను సుబేదారిలో ఒక ఆఫీసులో పనిచేస్తాను, మా ఇల్లు రెండు గల్లీల అవతల. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మలుపు తిరగ్గానే పంజా చప్పుడు వినిపిస్తుంది. పంజా అంటే నేసిన పోగుల్ని కిందికి కొట్టే ఇనుప దువ్వెన. ఆ చప్పుడు వినబడితే బాపు బాగున్నాడని లెక్క, నేను లోపలికి పోకుండా నేరుగా ఇంటికి పోయేదాన్ని. వినబడకపోతే చెప్పులు విడిచి లోపలికి పోయి చూసి వచ్చేదాన్ని.

ఆ గది మీద తమ్ముడి కన్ను పడింది. మగ్గం తీసేసి షట్టర్ పెట్టి, ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్మే దుకాణం తెరుస్తానన్నాడు. అప్పటికే టేపు పట్టుకుని గది కొలుచుకున్నాడు. "బాపు, జంపఖానా కొనేటోడు ఎవడున్నడు ఇప్పుడు? ఫోన్ అద్దం పగులని ఇల్లు ఒక్కటి చూపియ్యి," అన్నాడు. మాట న్యాయమే, అందుకే నాకు ఒళ్ళు మండింది. బాపు తల ఎత్తకుండా, "ఈ పట్నం మేడమ్ ఆర్డర్ ఒక్కటి కానియ్యి. ఆమెకు నచ్చి ఉంచుకున్నదా, మగ్గం ఉంటది. వాపసు పంపిందా, నేనే నా చేతులతోటి ఇప్పుత," అన్నాడు. వద్దు బాపూ, అలా పందెం కాయకు అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మగ్గం పోతే ఆ మనిషి సోఫాలో కూర్చుని టీవీ చూసే రకం కాదు. ఏం చేస్తాడో ఊహించుకోవాలంటేనే నాకు భయం వేసింది.

ఆ మేడమ్ ఆర్డర్ తెచ్చింది నేనే. మా ఆఫీసులో ఒకామెకు తెలిసినావిడ, హైదరాబాదులో ఉంటుంది. వాళ్ళమ్మ వాడిన జంపఖానాను ఎలుకలు కొరికేశాయట. అచ్చం అలాంటిదే కావాలని నాకు ఫోటో పంపింది. ఎర్ర అంచు, మధ్యలో పసుపు, నలుపు పట్టీలు. "డిజైన్ అటూ ఇటూ అయినా ఫర్వాలేదండీ. ఆ ఎరుపు మాత్రం అదే ఉండాలి. వేరే ఎరుపైతే నేను తీసుకోను," అని ముందే చెప్పింది. నేను ఆ ఫోటోను ఇంట్లో అందరికీ పంపాను. అక్కడే పప్పులో కాలేశాను.

నా ఫోన్‌లో ఆ అంచు ఇటుక రంగులో ఉంది. మా ఆయన ఫోన్‌లో కుంకుమలా ఉంది. తమ్ముడి ఫోన్‌లో పండిన మిరపకాయలా ఉంది. బాపు ముగ్గురి ఫోన్లూ వరుసగా చూసి, "ఇంతకు ఏ ఫోన్లది నిజమయిన ఎరుపు?" అని అడిగాడు. అంతే, లొల్లి మొదలైంది.

"ఉన్నదున్నట్టు చూపెట్టేది ఐఫోనే బాపు. వీళ్ళయి ఊకె మెరిపిస్తయి," అన్నాడు తమ్ముడు.

"మెరిసేది నీదే బామ్మర్ది. మిరపకాయ రంగుల జంపఖానా ఎవలన్న పరుస్తరా?" మా ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"అసలు అక్క పంపుడే తప్పు. మామూలుగ పంపితె రంగు సచ్చిపోతది. డాక్యుమెంట్ లెక్క పంపాలె."

మళ్ళీ పంపాను. మళ్ళీ మూడు రంగులే. లొల్లి విని పక్కింటివాళ్ళు వచ్చారు, వాళ్ళ ఫోన్లు తెచ్చారు. ఎదురింటి వాళ్ళు తెచ్చారు. గల్లీ చివర కిరాణా ఆయన గల్లాపెట్టె వదిలేసి వచ్చాడు. మగ్గం పక్కనున్న బల్ల మీద పన్నెండు ఫోన్లు వరుసగా పేర్చారు. అన్నిట్లో అదే జంపఖానా, పన్నెండు రంగుల్లో. ముప్పై సెకన్లకు ఒక ఫోన్ ఆరిపోతుంది, దాని యజమాని పరుగెత్తుకొచ్చి వేలు పెడతాడు, ఈలోగా ఇంకొకటి ఆరిపోతుంది. అమ్మ టీ గ్లాసులు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. "అత్తమ్మా, నీ ఫోన్ ఏమంటది?" అని మా ఆయన ఎకసెక్కెమాడాడు. "నా దాంట్ల ఫోటో రాదయ్యా. నేను మంచిగున్న," అంది అమ్మ.

నూలుకు రంగులేసే మామ వచ్చాడు. మాకు చుట్టం కాదు గానీ గల్లీకంతటికీ మామే. మోచేతుల దాకా నీలం రంగుతో వచ్చి బల్ల ముందు నిలబడి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూశాడు. "ఓరి మీ పాడుగాను! పన్నెండు ఎరుపులేందిరా? ముప్పై ఏండ్ల సంది రంగులేస్తాన్న, నాకెరికైనయే నాలుగు," అన్నాడు. అదే ఫోటో తన ఫోన్‌లో ఎలా ఉంటుందో చూడాలనుకున్నాడు. రంగులో కలిపే సోడా నీళ్ళలో నాని నాని ఆయన వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి, ఫోన్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ కూతురికి తెలుసట. కూతురు కాలేజీలో ఉందట.

చివరికి ఓటింగ్ పెట్టారు. రెండు పార్టీలకూ సమానంగా వచ్చాయి. బాపు దేనికీ చెయ్యి ఎత్తలేదు. రాజీ కింద ఇలా తేల్చారు: పొద్దున వేసే రంగు తమ్ముడి ఫోన్ చూసి, సాయంత్రం వేసేది మా ఆయన ఫోన్ చూసి. ఎలాగూ రెండూ దగ్గర దగ్గరగానే వస్తాయిలే అనుకున్నారు. ఇంత అడ్డదిడ్డమైన ఆలోచనకు ఇంతమంది పెద్దమనుషులు ఎలా తలూపారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనూ ఊపాను.

పొద్దున తమ్ముడు రంగు కాగుతున్న డేగిసా మీదికి ఐఫోన్ చాచి నిలబడ్డాడు. ఆవిరికి మూతికి తువ్వాల కట్టుకున్నాడు, ఫోన్ వాడి ముఖాన్ని గుర్తుపట్టలేదు. తువ్వాల విప్పాడు, గుర్తుపట్టింది, దగ్గొచ్చింది. మళ్ళీ కట్టాడు. నీడలో ఒక ఎరుపు, ఎండలోకి తెస్తే ఇంకో ఎరుపు చూపించింది. "చుట్టుపక్కల వెలుగును బట్టి అదే సర్దుకుంటది మామ, అది దాని గొప్పతనం," అన్నాడు. "దాన్ని సర్దుకోనియ్యి గని, నేను ఏది చూసి సర్దుకోవాలె?" అన్నాడు మామ. సాయంత్రం మా ఆయన వంతు. ఆయన ఫోన్‌లో ఆరు దాటగానే కళ్ళు అలసిపోకుండా తెర పసుపు పచ్చగా మారే ఏర్పాటుంది. మారింది. ఆ సంగతి ఆయనకే గుర్తులేదు. పొద్దున రెండు, సాయంత్రం ఒకటి, మొత్తం మూడు వాయిల్లో నూలు ముంచితే మూడు రకాల ఎరుపులు తయారయ్యాయి.

బాపు నోరెత్తకుండా ఆ నూలు తీసుకుని మగ్గం ఎక్కాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒకప్పుడు ఇదే మనిషి ఎర్ర నూలు కట్టను వాకిట్లోకి తీసుకుపోయి ఒక్క చూపు చూసి, "రెండో వాయి ఇది, నిన్నటి నీళ్ళల్ల ముంచిండ్రు," అని మొత్తం వెనక్కి పంపేవాడు. అలాంటిది ఇప్పుడు పిల్లలాడుకునే సామానును అడుగుతాడా?

"ఫోన్లను ఏం అడుగుతవు బాపు? నీ కండ్లకేమైంది?" అని అందరి ముందూ కస్సుమన్నాను.

"ఏం కాలే," అన్నాడు బాపు. "అన్నం చల్లగైతాంది, రాండ్రి," అంది అమ్మ, అప్పుడు టైము సాయంత్రం అయిదు.

తర్వాతి వారం ఆఫీసులో ఒకామె నాకొక చిట్కా చెప్పింది. ఫోన్ తెరను నలుపు తెలుపులోకి మార్చుకుంటే ఊరికే చూడాలనిపించదు, ఆ పిచ్చి తగ్గుతుంది అని. సరేనని మార్చుకున్నాను. ఆదివారం అమ్మవాళ్ళింటికి పోయాను. బాపు మగ్గం దగ్గర కూర్చుని, "ఆ ఫోటో మల్ల ఒకపారి చూపియ్యి బిడ్డ," అన్నాడు. తీసి చేతిలో పెట్టాను. మార్చిన సంగతి నాకు అసలు గుర్తులేదు. ఆయన కనుబొమ్మలు ముడేసి, ఫోన్‌ను కిటికీ వైపు తిప్పి, ఎంతోసేపు చూశాడు.

"ఇగో, గిది సరైన ఎరుపు," అన్నాడు. "తమ్మునిది జర ఎక్కువైంది."

తిరిగి తీసుకుని చూస్తే తెర మీద ఎరుపు లేదు, పసుపు లేదు, ఏమీ లేదు. బూడిద రంగు జంపఖానా ఉంది. ఏమైనా అందామని నోరు తెరిచి అమ్మ వైపు చూశాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. కొంగు పట్టుకుని నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఏడాదైతాంది," అంది. "రంగు నూలు కండెలు వరుసగ నేనే పెడుతాన్న. ఎడమ పక్కకు ఎరుపు, నడుమ పసుపు, కుడి పక్కకు నలుపు. ఆయన అడుగలే, నేను చెప్పలే."

"మరి మూడు ఎరుపులు కలిపి నేస్తాంటె చూసుకుంట ఊకున్నవా?"

"చెప్తె, నాకు తెలుసని ఆయనకు తెలుస్తది గద," అంది అమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

మిగతావాళ్ళం చూడలేదా అంటే, చూశాం. నేసిన గుడ్డ నేసినట్టు చుట్టుకుపోతుంది, బయటికి కనబడేది జానెడే. తమ్ముడూ మా ఆయనా రోజూ ఆ జానెడును ఫోటోలు తీస్తూనే ఉన్నారు. రంగు తేడా కనబడితే అది ఎదుటివాడి ఫోన్ లోపమని ఇద్దరూ సంతోషించారు. గుడ్డను గుడ్డగా చూసినవాడు లేడు.

బ్యాంకు పని అని అబద్ధం చెప్పి బాపుని కళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. బోర్డు చూడగానే ఆటోలోంచి దిగనన్నాడు. "దవాఖానకు పోతె కండ్లు పోయినయని రాస్తరు. కండ్లు పోయినోనికి మగ్గమెందుకు అంటడు నీ తమ్ముడు. నేను రాను," అని కడ్డీ పట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, బడికి పోనని మొండికేసిన పిల్లాడిలా. నేను రోడ్డు మీద నిలబడి ఏడ్చేశాను. అప్పుడు దిగాడు. డాక్టరమ్మ చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయంది. ఒక కంటికి ఇప్పుడు, రెండోదానికి నెల ఆగి ఆపరేషన్ చేద్దామంది.

ఇంట్లో చెప్పక తప్పలేదు. విన్నాక తమ్ముడే పందెం వదిలేద్దాం బాపూ అనబోతే బాపు ఒప్పుకోలేదు. మాటంటే మాటే, మేడమ్‌కు నచ్చకపోతే మగ్గం విప్పుడే అన్నాడు.

కట్టు విప్పిన రోజు ఆయన మొదట చూసింది నా చీర. "ఇది నీలమా? బూడిద రంగనుకున్న గదనే," అన్నాడు. తర్వాత అరచేత్తో కొత్త కన్ను మూసి పాత కన్నుతో చూశాడు. పాత కన్ను మూసి కొత్త కన్నుతో చూశాడు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ కంటికి అంత తెల్లగ, నీలంగ మెరుస్తాంది. ఈ కంటికి ఛాయ్ వడవోసే గుడ్డలకెళ్ళి చూసినట్టున్నది. ఒక్కటి వాని ఫోన్, ఒక్కటి అల్లుని ఫోన్! రెండు నా మొఖంలనే పెట్టిండ్రు!"

మా ఇంట్లో జరిగిన అన్ని పిచ్చి పనుల్లోకీ ఆ తర్వాత జరిగిందే పెద్దది. తమ్ముడూ మా ఆయనా చెరో పక్కన కూర్చుని, మెరిసే కన్ను ఎవరి పార్టీది, పసుపు కన్ను ఎవరి పార్టీది అని గంటసేపు వాదించుకున్నారు. సాయంత్రం ఆరు తర్వాత పసుపు పచ్చగా మారేది బావ ఫోనే కాబట్టి పాత కన్ను బావదేనని తమ్ముడు. ఆపరేషన్ చేస్తే తప్ప పనిచేయనిది ఐఫోనేనని మా ఆయన. బాపు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోబోతే ముట్టుకోవద్దని నేను చేతులు పట్టుకున్నాను.

డాక్టరమ్మ సరేనన్నాక మగ్గం దగ్గరికి పోయాడు. చుట్టి ఉన్న గుడ్డను వదులు చేసి బయటికి లాగాడు. అంచు కొంతదూరం మిరపకాయ, కొంతదూరం ఇటుక, కొంతదూరం పసుపు తిరిగిన కుంకుమ. నవ్వు ఆగిపోయింది.

"ఎవడు నేసిండు దీన్ని?" అన్నాడు.

అంచు వెంబడి వేలితో తడుముకుంటూ పోయి ఆయనే, "నేనే గద," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ మేడమ్‌కు ఫోన్ చెయ్యి. ఎలుకలు కొరికిన పాత జంపఖానా ఉన్నది గద, దాని అంచుల నుంచి ఒక్క ఎర్ర పోగు గుంజి కవర్ల పెట్టి పంపుమను," అన్నాడు.

పన్నెండు ఫోన్లు, ఓటింగ్, మూడు వాయిలు, గల్లీ సగం ప్రజానీకం. ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి ఆ ముక్క తట్టలేదు. కవర్‌లో ఒక పోగు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ జంపఖానా తర్వాత పూర్తయింది, హైదరాబాదు పోయింది, మేడమ్ ఉంచుకుంది. మగ్గం ముందరి గదిలోనే ఉంది. అవన్నీ తర్వాతి సంగతులు. నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నది పోగు వచ్చిన రోజు.

కాగితం మడతలో జానెడు పోగు. బాపు దాన్ని అరచేతిలో పెట్టుకుని వాకిట్లోకి పోయాడు. పాత కన్ను మూసుకున్నాడు. వేళ్ళతో పురి విప్పాడు, లోపలి వైపు వెలిసిపోని ఎరుపు బయటపడింది. ఎవరి ఫోన్‌లోనూ లేని ఎరుపు అది.

"ఇదేదో మొదలే అడిగితె అయిపోవు గద బాపు. ఇన్ని రోజులు ఈ ఫోన్ల లొల్లి ఎందుకు పెట్టినవు?" అన్నాను. నిజంగా తెలియకే అడిగాను.

ఆయన పోగు మీది నుంచి చూపు తిప్పలేదు.

"పోగు వస్తె నా చేతులనే పెడుతురు గద బిడ్డ. నూలు రంగు దీనితోటి కలుపుమందురు. కలుపరాకపోవు. అందరికి తెలిసిపోవు. ఫోన్లయితె మీరు మీరు కొట్లాడుకుంటరు, నా దిక్కు ఎవలు చూడరు."

తమ్ముడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. విన్నాడు. వాకిట్లోకి వచ్చి, బాపు చేతిలోంచి పోగు తీసుకుని, కాగితంలో మళ్ళీ జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మామ దగ్గరికి నేనే తీసుకపోత," అని ఒక్క మాట అని బయటికి పోయాడు. బండి చప్పుడు గల్లీ మలుపు తిరిగింది.

మేమిద్దరం మళ్ళీ లోపలికి వచ్చాక మగ్గం పక్కన బల్ల మీద ఫోన్ మోగింది. వాడి ఐఫోనే. స్నానానికి పోయినా వదలని ఫోన్‌ను మరిచిపోయి పోయాడు. ఎత్తుదామని నేను లేచాను.

"మోగనియ్యి," అన్నాడు బాపు, మగ్గం ముందు కూర్చుని తప్పు పోగులు ఒక్కొక్కటీ ఊడదీస్తూ.